తెలుగు, ఇంగ్లీషు ఫారం టెస్టింగ్‌కి ఏ స్క్రీన్ రీడర్ వాడాలి?

ప్రశ్న
రెండు భాషల్లో ఉన్న ఆన్‌లైన్ దరఖాస్తు ఫారం ఒకటి యాక్సెసిబిలిటీ టెస్టింగ్‌కి వచ్చింది. టీములో ముగ్గురం, అందరివీ విండోస్ ల్యాప్‌టాప్‌లే. స్క్రీన్ రీడర్ (తెరమీదున్నది పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) ఎవరికీ అలవాటు లేదు. డబ్బు పెట్టి కొనాల్సిన స్క్రీన్ రీడర్ జాస్‌కి ఇప్పుడు బడ్జెట్ లేదు. ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏతో మొదలుపెట్టొచ్చా, విండోస్‌తోనే వచ్చే నరేటర్ చాలా?

జవాబు 1
ఎన్‌వీడీఏతోనే మొదలుపెట్టండి, క్రోమ్‌లో ఒకసారి, ఫైర్‌ఫాక్స్‌లో ఒకసారి. ఉచితం కాబట్టి మాత్రమే కాదు. లేబుల్ లేని పెట్టె కనబడితే జాస్ పక్కనున్న అక్షరాలను బట్టి పేరు ఊహించే సందర్భాలు ఎక్కువ, దాంతో మీ కోడ్‌లోని తప్పు దాగిపోతుంది. నరేటర్‌ని చివర్లో ఒకసారి చూస్తే చాలు.

కొత్తవాళ్లకి ముందు స్పీచ్ వ్యూయర్ కావాలి: ఇన్సర్ట్+ఎన్ నొక్కి టూల్స్‌లోకి వెళ్లండి. చదివేదంతా అక్షరాల్లో కనిపిస్తుంది, బగ్ రిపోర్టులో అదే అతికించొచ్చు. హెడింగులకి హెచ్, ఫారం పెట్టెలకి ఎఫ్, మొత్తం జాబితాకి ఇన్సర్ట్+ఎఫ్7. వాగుడు ఆపాలంటే కంట్రోల్.

ఒక ఉచ్చు ఉంది. డివ్‌కి (పేజీలో మామూలు డబ్బా లాంటి హెచ్‌టీఎంఎల్ ట్యాగ్) క్లిక్ మాత్రమే తగిలించి బటన్‌లా చూపిస్తే, ఎన్‌వీడీఏ బ్రౌజ్ మోడ్‌లో (బాణం కీలతో పేజీ చదివే పద్ధతి) ఎంటర్ కొట్టగానే అది పనిచేస్తుంది. మీరు పాస్ రాసేస్తారు. కానీ ట్యాబ్‌తో అక్కడికి చేరలేరు. అందుకే స్క్రీన్ రీడర్ ఆపేసి, మౌస్ పక్కన పెట్టి, ఫారం మొత్తం కీబోర్డుతో ఒకసారి నింపండి. ఆ తర్వాతే ఎన్‌వీడీఏ.

జవాబు 2
పై మాటకి తోడు, తెలుగు సంగతి. ఎన్‌వీడీఏతో వచ్చే ఈస్పీక్ అనే గొంతు ఇంజిన్‌లో తెలుగు గొంతు ఉంది. పేజీలో తెలుగు భాగానికి లాంగ్ ఆట్రిబ్యూట్‌లో (భాష ఏదో చెప్పే హెచ్‌టీఎంఎల్ గుర్తు) తెలుగు కోడ్ పెడితే గొంతు దానంతటదే మారుతుంది. స్పీచ్ సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ లాంగ్వేజ్ స్విచింగ్ టిక్ ఉందో లేదో చూసుకోండి. ఆ కోడ్ లేకుండా తెలుగు రాని గొంతు తగిలితే, ఆ మాటలు మింగేయవచ్చు. స్పీచ్ వ్యూయర్‌లో మాత్రం తెలుగు చక్కగా కనబడుతుంది! ఈ ఒక్క పరీక్ష చెవితోనే చేయాలి.

తప్పు సందేశాలు కూడా వినండి. పిన్‌కోడ్‌లో 5 అంకెలే వేసి సబ్మిట్ నొక్కండి. ఎర్రక్షరాలు వచ్చినా ఏమీ చదవకపోతే, అలర్ట్ రోల్ (మాట రాగానే చదవమని స్క్రీన్ రీడర్‌కి చెప్పే గుర్తు) ఉన్న ఖాళీ డివ్‌ని పేజీతోపాటే ఉంచి, సందేశాన్ని తర్వాత అందులో వేయమని డెవలపర్‌కి చెప్పండి. డివ్‌నీ సందేశాన్నీ ఒకేసారి చొప్పిస్తే కొన్ని బ్రౌజర్లలో చదువుతుంది, కొన్నింట్లో చదవదు. ఆ సందేశాన్ని ఆరియా-డిస్క్రైబ్డ్‌బై (aria-describedby) ఆట్రిబ్యూట్‌తో పెట్టెకి కట్టేస్తే, మళ్లీ అక్కడికొచ్చినప్పుడు కూడా వినిపిస్తుంది.

జవాబు 3
ఫోన్ మరవకండి. మన దగ్గర దరఖాస్తు నింపేవాళ్లలో చాలామందిది ఆండ్రాయిడే. ఆండ్రాయిడ్ స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్, క్రోమ్ కలిపి చూడండి. షార్ట్‌కట్ ఆన్ చేసి ఉంటే రెండు వాల్యూమ్ బటన్లూ కలిపి 3 సెకన్లు నొక్కితే మొదలవుతుంది. కుడికి తోస్తూ పోవాలి, ఎంచుకోవాలంటే రెండుసార్లు తట్టాలి. ఓటీపీకి 6 విడి పెట్టెలుంటే అక్కడ ఆగండి. పేర్లు లేకపోతే ఆరింటినీ ఒకేలా చదువుతుంది, ఎన్నో అంకె దగ్గరున్నారో తెలియదు. ఒకే పెట్టె పెట్టమనడమే మేలు.

ప్రశ్న అడిగినవారు
ధన్యవాదాలండీ. జాస్‌ని కొనకుండా, లైసెన్సు లేకుండా 40 నిమిషాలు నడిచే మోడ్‌లో చూడొచ్చా?

జవాబు 1
40 నిమిషాలయ్యాక కంప్యూటర్ రీస్టార్ట్ చేయాల్సి ఉంటుంది. అయితే ఆ మోడ్‌ని టెస్టింగ్‌కి వాడే ముందు లైసెన్సు షరతులు చదవండి. క్లయింటు జాస్ ఫలితం కావాలంటే లైసెన్సు ఖర్చు కొటేషన్‌లోనే కలపండి.