“కొంచెముగాను దుఃఖసహితము”: ఆదికాండము 47:9లో యాకోబు మాట

ప్రశ్న: పెద్దలకు వందనాలు. ఐగుప్తు రాజు ఫరో నీ వయసెంత అని అడిగితే యాకోబు 130 ఏళ్లని చెప్పి ఊరుకోడు. అవి “కొంచెము” అనీ, “దుఃఖసహితమైనవి” అనీ అంటాడు. నూట ముప్పై కొంచెమెలా అయింది? దుఃఖసహితం అన్నా దుఃఖభరితం అన్నా ఒకటేనా? దేవుని దీవెన పొందిన మనిషి ఒక రాజు ముందు ఇలా మాట్లాడటమేమిటి?

జవాబు: “కొంచెము” సంగతి ఆ వచనమే తేల్చేస్తుంది, తన పితరుల ఆయుష్షుతో పోల్చుకుంటున్నాడు. తాత అబ్రాహాము 175, తండ్రి ఇస్సాకు 180 ఏళ్లు బతికారు. అయితే ఇదే యాకోబు తాను ప్రేమించిన రాహేలు కోసం ఏడేళ్లు కొలువు చేసినప్పుడు అవి “కొద్ది దినములుగా తోచెను” అని 29:20లో ఉంది. అప్పుడు ఇష్టం కొద్దీ ఏళ్లు రోజుల్లా గడిచాయి. ఇప్పుడు లెక్క చూసుకుంటే చేతికి చిక్కిన మంచి రోజులే తక్కువ.

దుఃఖసహితం వేరు, దుఃఖభరితం వేరు. శుభలేఖలో “కుటుంబసహితంగా రండి” అంటే ఇంటివాళ్లను వెంటబెట్టుకు రమ్మనేగా. దుఃఖం కూడా యాకోబుకు అలా వెంట నడిచింది. హెబ్రీలో ఉన్న మాట ‘రా’, అంటే చెడు, కీడు. తెలుగు అనువాదకులు దాన్ని మెత్తబరిచారు.

ఆ కీడు ఎక్కడ మొదలైందో చూడండి. ఇస్సాకుకు పెద్దకొడుకు ఏశావంటే ఇష్టం, భార్య రిబ్కాకు చిన్నవాడు యాకోబంటే (25:28). పెంపకంలోనే ఇల్లు రెండు ముక్కలు. ఏశావుకు దక్కాల్సిన దీవెన యాకోబుకు దక్కాలని, ఒంటినిండా రోమాలున్న అన్నలా అనిపించేలా తల్లి మేకపిల్లల చర్మం అతని చేతులకు, మెడకు కప్పితే, చూపు మందగించిన తండ్రి తడిమి కూడా కొడుకును గురుతుపట్టలేకపోయాడు. ఏశావు కోపం చల్లారేదాకా కొన్నాళ్లు మీ మామ దగ్గర ఉండిరా అని తల్లి పంపింది. ఆ కొన్నాళ్లు ఇరవై ఏళ్లయ్యాయి. మళ్లీ తల్లిని చూశాడని ఎక్కడా రాయలేదు.

తర్వాత తన ఇంట్లో తానూ అదే చేశాడు. కొడుకుల్లో యోసేపుకొక్కడికే విచిత్రమైన నిలువుటంగీ. అన్నలు అతన్ని అమ్మేసి, మేకను చంపి, ఆ అంగీని రక్తంలో ముంచి, ఇది నీ కొడుకుదో కాదో గురుతుపట్టు అంటూ తండ్రికి పంపారు. తండ్రిని మేక తోలుతో మోసం చేసినవాడు మేక రక్తంతో మోసపోయాడు. రెండు చోట్లా ‘గురుతుపట్టు’ అన్న మాటే. హెబ్రీలోనూ రెండింటికీ ఒకటే ధాతువు, కాబట్టి ఇది యాదృచ్ఛికం కాదు. కథ చెప్పినవాడు తీర్పు ఇవ్వకుండా మేకను మాత్రం మన ముందు పెట్టి పక్కకు జరిగాడు.

ఇంకొకరు: అంతేగదండీ, చేసుకున్నవారికి చేసుకున్నంత. ఇందులో వేరే ఆత్మీయ పాఠమేముంది?

జవాబు: అన్నా, ఆ సామెత యాకోబు దగ్గర సగం దూరమే నడుస్తుంది. మరి లేయా ఏం చేసుకుంది? రాహేలు అక్క, చెల్లెలి బదులు తండ్రి చీకట్లో యాకోబు దగ్గరికి పంపిన పెళ్లికూతురామె. “లేయా ద్వేషింపబడుట యెహోవా చూచి” అని 29:31. ఇంట్లో ఎవరూ పట్టించుకోనిదాన్ని దేవుడు చూశాడు. ఆమె తప్పు గురించి అక్కడ ఒక్క మాట లేదు. రాహేలు ఎఫ్రాతా దారిలో కాన్పులో చనిపోవడం కూడా దేనికో శిక్ష అని ఆ అధ్యాయం చెప్పదు. తండ్రి పక్షపాతపు అప్పు పిల్లలు కట్టారు, యోసేపు అందరికంటే ఎక్కువ. తప్పు చేసినవాడి దగ్గరే ఆగే లెక్కయితే కుటుంబాల బాధ ఇంత ఉండేదే కాదు.

రాజు ముందు అలా మాట్లాడవచ్చా అన్నదానికి వస్తాను. యాకోబు ఫరోను వస్తూ దీవించాడు, వెళ్తూ దీవించాడు. మధ్యలో చెప్పింది ఈ మాట. నిజం చెప్పడానికీ దీవించడానికీ అతనికి అడ్డేమీ కనబడలేదు. మన సాక్ష్యాల్లో బాధను త్వరగా దాటేసి స్తోత్రానికి వచ్చేస్తాం. యాకోబుకు ఆ తొందర లేదు.

పైగా అదే అతని చివరి మాట కాదు. ఇంకో 17 ఏళ్లు ఐగుప్తులో బతికాడు. యోసేపు అమ్ముడుపోయే ముందు తండ్రి దగ్గర ఉన్నదీ 17 ఏళ్ల వయసు వరకే. మంచం మీద మనవళ్లను దీవిస్తూ “సమస్తమైన కీడులలోనుండి నన్ను తప్పించిన దూత” అంటాడు (48:16). ఈ ‘కీడు’ హెబ్రీలో పైన చెప్పిన ‘రా’నే. ఒక చోట దుఃఖం, ఒక చోట కీడు అని ఉండేసరికి తెలుగు పాఠకుడికి ఈ ముడి అందదు. కీడు లేదనలేదు, అందులోనుండి తప్పించాడన్నాడు. దానికి ముందు వచనంలో “నన్ను పోషించిన దేవుడు” అని ఉన్నచోట హెబ్రీలో కాపరి పని చేసిన దేవుడు అని అర్థం. జీవితమంతా గొర్రెలు కాసినవాడి నోట ఆ మాటకు బరువుంది.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. కానీ అదే చోట యోసేపు కొడుకుల్లో చిన్నవాడైన ఎఫ్రాయిమును పెద్దవాడైన మనష్షే కంటే ముందు పెడతాడు. మళ్లీ చిన్నవాడికే పెద్దపీట. పాఠం నేర్చుకున్నట్టేనా?

జవాబు: యోసేపు కూడా ఒప్పుకోక తండ్రి చెయ్యి పట్టుకుని మార్చబోయాడు. తెలుసు నా కుమారుడా, తెలుసు అన్నాడు యాకోబు. ఇస్సాకు తెలియక దీవించాడు, ఇతను తెలిసే దీవించాడు, ఇద్దరినీ ఒకే చోట నిలబెట్టి, ఎవరినీ వెళ్లగొట్టకుండా. అంతవరకు మారాడంటాను. పూర్తిగా మారాడని మాత్రం నేను వాదించను.