పరాయి దేశాల ఓడలకు చేపల హక్కులు ఇవ్వడం సబబేనా?

కడపోడు:
1982 ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం ప్రకారం తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా చేపలు ఆ దేశానివే. తాను పట్టుకోలేక మిగిలిన వాటిని ఇతర దేశాలకు ఇవ్వాలని అందులోనే 62వ అధికరణం ఉంది. ఆ 'మిగులు' పేరుతోనే యూరోపియన్ యూనియన్ 2021 ఒప్పందంలో పశ్చిమ ఆఫ్రికా దేశం మారిటానియాకు ఏడాదికి 5.75 కోట్ల యూరోలు కట్టి ఓడలు దింపింది. నన్నడిగితే ఇది సముద్రాన్ని అమ్ముకోవడమే.

బురుజు కాడ, కర్నూలు:
అన్నా, మన ఊళ్లలో చెరువు చేపలకు వేలం పెట్టరా? పాడుకున్నోడు డబ్బు కడతాడు, ఊరికి ఆదాయం. పెద్ద ఓడల్లేని దేశం చేపల్ని చూస్తూ కూర్చోవాలా? కిరిబాటి అనే చిన్న దీవుల దేశం నడిచేదే చాలావరకు ట్యూనా చేపల వేట లైసెన్సు ఫీజులతో.

అనంత సీమ:
చెరువు లెక్క ఇక్కడ పనికిరాదు సామీ. చెరువులో ఎన్ని తట్టలు పట్టారో కట్ట మీద కూర్చున్నోళ్లకు తెలుస్తుంది. నూటయాభై మైళ్ల అవతల ఎవరు చూస్తారు? మిగులు ఎంతో తేల్చాలన్నా సర్వే ఓడలు, శాస్త్రవేత్తలు కావాలి, పేద దేశానికి లేనివే అవి. పైగా చేప తిరుగుతుంది. సార్డినెల్లా అనే చేప మొరాకో, మారిటానియా, సెనెగల్ నీళ్లన్నిట్లో ఈదుతుంది. దేశాలు మాత్రం ఎవరికి వారే బేరమాడుకుంటాయి. కొనేవాడికి పండగే కదా!

పసిఫిక్‌లో చూడండి. 1982లో అక్కడి దీవుల దేశాలు చేసుకున్న నౌరు ఒప్పందంతో మొదలై ఇప్పుడు 8 దేశాలు ఒక్కటిగా ఉన్నాయి. చేపల్ని తూకం వేసి అమ్మరు, ఓడ వేటాడే రోజుల్ని అమ్ముతారు. మొత్తం రోజులకు పరిమితి ఉంటుంది. 2015 నుంచి రోజుకు కనీస ధర 8,000 డాలర్లు. హక్కు అమ్మడంలో తప్పు లేదు, విడివిడిగా అమ్మడమే తప్పు.

కడపోడు:
ధర పెరిగింది సరే. ఆ డబ్బు ఖజానాకు పోతే జాలరికేంది? ఇంకో మాట. మొరాకోతో యూరోపియన్ యూనియన్ చేసుకున్న 2019 చేపల ఒప్పందం చెల్లదని ఆ యూనియన్ కోర్టే 2024 అక్టోబరు 4న చెప్పింది. ఆ సముద్రం మొరాకో ఆధీనంలో ఉన్న పశ్చిమ సహారా ప్రజలది, వాళ్ల సమ్మతి లేదని. అంటే అసలైనవాళ్లను అడగకుండానే బేరం కుదిరిపోయింది.

అనంత సీమ:
ఆ తీర్పుతో నాకేం పేచీ లేదు. పసిఫిక్‌లో చిన్న జాలరి ఎక్కువగా తీరం దగ్గరే ఉంటాడు, ట్యూనా ఓడలు దూరంగా తిరుగుతాయి, అందుకే అక్కడ కుదిరింది. పశ్చిమ ఆఫ్రికాలో పేదోడి పళ్లెంలోదీ సార్డినెల్లానే, పెద్ద ఓడ వలలో పడేదీ అదే. కాబట్టి అక్కడ మాత్రం నీ పక్షమే. ఆ చేపకు మిగులు అనే మాటే వద్దు.