అంబాసిడర్ టాపెట్ సౌండు: సెట్ చేయించినా మళ్ళీ వస్తోంది

కొబ్బరితోట, అంబాజీపేట:
నమస్కారమండి. మా నాన్నగారి అంబాసిడర్ మార్క్ 4, 1489 సీసీ పెట్రోలు బండి. రోజూ తీయం. ఎప్పుడైనా అమలాపురం దాకా, పెళ్ళిళ్ళ సీజన్లో ఇంకాస్త దూరం, అంతే. కొన్నాళ్ళుగా ఇంజను మీదుండే రాకర్ కవర్ (వాల్వుల పైమూత) కింద టిక్ టిక్‌మని ఒకటే శబ్దం. ఐడిలింగ్‌లో బాగా తెలుస్తుంది, రేస్ ఇస్తే అదీ వేగం పెరుగుతుంది, ఇంజను వేడెక్కినా తగ్గదు. దగ్గర్లో షెడ్డులో టాపెట్లు సెట్ చేయించాం. రావులపాలెం వెళ్ళొచ్చేసరికి మళ్ళీ మొదలు. “ఇంకో రెండు థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) బిగించేద్దాం, నోరు మూసుకుంటుంది” అంటున్నాడు షెడ్డు వాడు. బిగించమనొచ్చా?

ఓమ్నీ ఓనరు, భీమవరం:
కాస్త చిక్కటి ఆయిలు పోసి చూడండి. మా బండికి తగ్గింది.

పాలకొల్లు మేస్త్రి:
బిగించనివ్వకండి బాబూ. టాపెట్ సందు, అంటే వాల్వు కాడకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య ఖాళీ, ఊరికే పెట్టలేదండి కంపెనీవాళ్ళు. ఎగ్జాస్ట్ వాల్వు మూసుకున్నప్పుడే దాని వేడి సీటు (వాల్వు ఆనుకునే చోటు) మీదుగా ఇంజను పైభాగం, అదే హెడ్‌లోకి దిగేది. వేడికి వాల్వు సాగుతుంది. సందు లేకపోతే సీటు మీద పూర్తిగా కూర్చోదు, అంచు కాలిపోతుంది, ఆ సిలిండర్లో కంప్రెషన్ పోతుంది. శబ్దం మాత్రం ఉండదు, నిజమే. చిక్కటి ఆయిలు సంగతీ అంతే, సౌండు కప్పెడుతుంది గానీ అరుగుదల ఆగదు.

ముందు అది టాపెట్టేనా చూసుకోండి. ప్లగ్ వైర్లు ఒక్కొక్కటే, పిడికి రబ్బరున్న పట్టుకారుతో లాగండి. ఒకటి లాగినప్పుడు శబ్దం తగ్గితే పిస్టన్ వైపో బేరింగ్ వైపో చూడాలి. టాపెట్ శబ్దమైతే వైరు లాగినా తగ్గదు. ఆ తర్వాత రాకర్ కవర్ తీసి ఐడిలింగ్‌లో పెట్టండి. ఆయిలు కొంచెం చిందుతుంది, పాత చొక్కా వేసుకోండి. రాకర్ ముక్కుకీ వాల్వు కాడకీ మధ్య ఫీలర్ గేజి (సందు కొలిచేది) రేకు దూర్చుకుంటూ వెళ్ళండి. ఏ రాకర్ దగ్గర శబ్దం చచ్చిపోతుందో దొంగ అదే. పనిలో పని, ప్రతి రాకర్ దగ్గరా ఆయిలు ఊరుతోందో లేదో చూడండి. పొడిగా ఉన్నది కనబడితే నాకు రాయండి.

సెట్ చేసినా ఎందుకు తిరిగొస్తోందంటే, రాకర్ ముక్కు అరిగి గుంట పడి ఉంటుంది. ఫీలర్ రేకు తిన్ననిది కదా, గుంట రెండు గట్ల మీదా ఆనుకుంటుంది. రేకు 15 థౌ చూపిస్తుంది, లోపల నిజమైన సందు ఇంకా ఎక్కువ. మీ షెడ్డు వాడు సరిగానే సెట్ చేసి ఉండొచ్చు.

సందు చూసే పద్ధతి కూడా చెబుతాను, ఈ కాలం పిల్లలకి తెలీడం లేదు. రేడియేటర్ వైపు నుంచి వాల్వులు 1 నుంచి 8. ఏ వాల్వు పూర్తిగా కిందకి దిగి తెరుచుకుని ఉందో దాని నంబరుని 9లోంచి తీసెయ్యండి, వచ్చిన నంబరు వాల్వుని సెట్ చెయ్యాలి. 8 దిగితే 1, 6 దిగితే 3. ఈ బండికి 15 థౌ, అంటే 0.38 మిల్లీమీటర్లు.

కొబ్బరితోట, అంబాజీపేట:
మేస్త్రిగారూ, చూసేనండి. ప్లగ్ వైర్లు లాగినా శబ్దంలో మార్పు లేదు. రేకు పెడితే 7 దగ్గర శబ్దం ఆగింది. 7, 8 రెండూ పొడిగా ఉన్నాయి, మిగతావి తడిగా మెరుస్తున్నాయి. ఆయిల్ పోసే మూతకి అడుగున తెల్లగా మీగడలా పేరుకుంది.

పాలకొల్లు మేస్త్రి:
ఆయ్, దొరికింది. ఆ తెల్లది ఇంజను లోపలి చెమ్మ. బండి దగ్గరి దూరాలే తిరిగితే ఆ నీరు ఆవిరైపోయేంత వేడి ఆయిల్‌కి రాదు. మన కాలవ గట్ల మీద, కొబ్బరి తోటల్లో ఉండే బళ్ళకి చాలావాటికి ఇంతే. కాకపోతే రేడియేటర్లో నీళ్ళు తరుగుతున్నాయేమో ఓ కన్నేసి ఉంచండి, తరిగితే అది హెడ్ గాస్కెట్ కథ. చెమ్మకి మడ్డి కట్టి, రాకర్లు గుచ్చి ఉండే షాఫ్టు కన్నాలు మూసుకుపోయాయి, ఆయిలు అందక రాకర్ బుష్షూ షాఫ్టూ అరుగుతున్నాయి. ఇంజను ఆపి, 7 వాల్వు మూసుకుని ఉన్నప్పుడు రాకర్ని పైకీ కిందకీ కదపండి. స్ప్రింగు మీదకి పక్కకి జరగడం మామూలే, పైకి లేస్తే మాత్రం షాఫ్టు పోయినట్టే.

షాఫ్టు విప్పాలి. ఇక్కడ జాగ్రత్త: రాకర్ స్టాండ్లు పట్టి ఉంచే నట్లలో నాలుగు హెడ్‌ని కూడా పట్టి ఉంచేవే. అవి మాత్రమే విప్పితే హెడ్ వంకర తిరుగుతుంది, నీళ్ళు సిలిండర్లోకి దిగుతాయి. రేడియేటర్ నీళ్ళు వదిలేసి, హెడ్ నట్లన్నీ వరసలో కొంచెం కొంచెంగా వదులు చేశాకే షాఫ్టు పైకి తీయండి. రాకర్లని కింది నుంచి తోసే పుష్‌రాడ్లు ఏది ఎక్కడిదో అట్ట మీద గుర్తు పెట్టి గుచ్చుకోండి, అద్దం మీద దొర్లిస్తే వంకర తెలుస్తుంది. షాఫ్టు లోపల తీగతో పొడిచి, కిరసనాయిలుతో కడిగి, గాలి పట్టించండి. షాఫ్టుకి అడుగు వైపు గోరు పెట్టి రాస్తే మెట్టు తగులుతుంది, తగిలితే షాఫ్టు మార్చాల్సిందే. రాకర్ బుష్షులు లేత్ షాపులో దింపించి, ఆయిల్ కన్నం ఎదురెదురుగా వచ్చేలా తొలిపించి, రీమింగ్ (కన్నం సరైన సైజుకి సాపు చేయడం) చేయించండి. ముక్కు గుంటని గ్రైండింగ్ రాయి మీద పెట్టి చదును చేస్తామంటారు, వద్దు. పైన గట్టి పొర పోతే కొన్నాళ్ళకే మళ్ళీ తినేస్తుంది. విజయవాడ ఆటోనగర్‌లో వెతికితే పాత రాకర్లు మంచివి దొరుకుతాయి.

ఓమ్నీ ఓనరు, భీమవరం:
మేస్త్రిగారూ, నాది గ్యాస్ కిట్టు బండి. చిక్కటి ఆయిలు పోశాక అసలు సౌండే లేదు. మంచిదే కదా?

పాలకొల్లు మేస్త్రి:
గ్యాస్ మీద నడిచే బండికి టాపెట్ సౌండు తగ్గిందంటే నేనైతే భయపడతానండి. ఎగ్జాస్ట్ సీటు అరిగి వాల్వు పైకి లేస్తుంది, సందు దానంతటదే మూసుకుపోతుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఈ వారంలోనే గేజి పెట్టించండి. అంబాజీపేట బాబూ, రాకర్ కవర్ గాస్కెట్టూ హెడ్ గాస్కెట్టూ రెండూ చేతిలో ఉంచుకునే పని మొదలెట్టండి. ఆదివారం పెట్టుకోకండి, షాపులుండవు.