జూనియర్ కాలేజీలో కెరీర్ క్లబ్ కావాలా, చదువుకు అడ్డమా?

సివిక్స్ లెక్చరర్, నల్గొండ జిల్లా:
మా ప్రభుత్వ జూనియర్ కాలేజీలో శనివారం చివరి పీరియడ్‌ను, ఏ కోర్సుకు ఏ పరీక్ష రాయాలో, ఎప్పటిలోగా అప్లై చేయాలో పిల్లలకు చెప్పే కెరీర్ క్లబ్‌కు ఇద్దామని స్టాఫ్ మీటింగ్‌లో అడిగాను. సగం మంది ఒప్పుకోలేదు. సిలబస్ పూర్తి చేయడానికే టైం చాలట్లేదు, పైగా ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) ఉంది కదా అన్నారు. మీరేమంటారో తెలుసుకుందామని ఇక్కడ పెడుతున్నాను.

నేను పట్టుబట్టడానికి కారణం ఒక్కటే. మన పిల్లలకు దారి తెలిసేసరికి గడువు దాటిపోతోంది. సీఈసీ చదివిన అమ్మాయి పబ్లిక్ పరీక్షలు అయ్యాక ఏప్రిల్‌లో వచ్చి, "సార్, నల్సార్‌లో సీటుకి ఎక్కడ అప్లై చేయాలి?" అని అడుగుతుంది. నల్సార్ లాంటి జాతీయ లా యూనివర్సిటీల ప్రవేశపరీక్ష క్లాట్ అంతకు ముందు డిసెంబరులోనే అయిపోయి ఉంటుంది. నల్సార్ ఉన్న శామీర్‌పేట మాకేం దూరం కాదు, అయినా ఆ సంవత్సరానికి ఆ తలుపు మూసుకుపోయినట్టే. రాష్ట్రంలోని లా కాలేజీలకు రాసే లాసెట్ మిగిలి ఉంటుంది, నిజమే. కానీ ఆ అమ్మాయి అడిగింది అది కాదు.

సైన్యంలో ఆఫీసర్లను తయారుచేసే ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) సంగతీ అంతే. ఏడాదికి రెండుసార్లు పరీక్ష ఉంటుంది. ఆర్మీ విభాగానికి ఏ గ్రూపు వాళ్లయినా రాయొచ్చు, 2021 నుంచి అమ్మాయిలూ రాస్తున్నారు. మా హెచ్‌ఈసీ క్లాసులో చెబితే పిల్లలు నమ్మలేదు. రాతపరీక్షలో లెక్కలకే 300 మార్కులున్నాయి కాబట్టి, ఈ మాట ఫస్టియర్‌లోనే చెబితే తప్ప హెచ్‌ఈసీ వాళ్లకు ప్రిపరేషన్‌కి టైం దొరకదు.

ఒక అమ్మ, గుంటూరు:
మీ తపన అర్థమైంది సార్. కానీ మా అబ్బాయి హాస్టల్లో ఉండి ఎంపీసీ సెకండియర్ చదువుతున్నాడు. ఇంజినీరింగ్ సీటుకి రాసే ఈఏపీసెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు చేయాలి. మా ఆంధ్రాలో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ కూడా ఉంది. ఆదివారం కూడా టెస్టులే. పిల్లాడు నిద్రకే మొహం వాచిపోయి ఉన్నాడు. ఇందులోంచి వారానికి గంట తీసి క్లబ్‌కి ఇవ్వమంటే ఏ తల్లి ఒప్పుకుంటుంది? ఏం చదవాలో తేలిపోయిన పిల్లలకు మళ్లీ దారులు చూపించి మనసు చెదరగొట్టడం ఎందుకండీ?

బీటెక్ థర్డ్ ఇయర్, వరంగల్:
ఆంటీ, తేలిపోయిందని అనుకునేది మనం. నేనూ అలాంటి హాస్టల్ నుంచే వచ్చాను. ర్యాంకు బాగానే వచ్చింది. కాలేజీ, బ్రాంచి ఎంచుకుంటూ వెబ్ ఆప్షన్లు పెట్టే రోజు మాత్రం ఏ బ్రాంచిలో ఏం చెబుతారో ఒక్క ముక్క తెలియదు. సీనియర్ పంపిన లిస్టునే పైనుంచి కిందికి దించేశాను. నాకు ఫిజిక్స్ ఇష్టం. తిరుపతిలో సైన్స్ చదువులకు, పరిశోధనకు ఐసర్ అనే కేంద్ర సంస్థ ఉందని, దానికి వేరే ప్రవేశపరీక్ష ఉందని బీటెక్‌లో చేరాకే తెలిసింది. రెండేళ్లలో ఎవరైనా పది నిమిషాలు చెప్పి ఉంటే నేను రాసేవాణ్ని.

ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రాం ఆఫీసర్, కర్నూలు జిల్లా:
నేను క్లబ్బులకు వ్యతిరేకిని కాదు, కాగితం మీది క్లబ్బులకు వ్యతిరేకిని. ప్రారంభోత్సవానికి ఫ్లెక్సీ కట్టిస్తాం, ఫొటో తీసి గ్రూపులో పెడతాం, ఏడాది చివర సర్టిఫికెట్లు ఇస్తాం. మధ్యలో ఏమీ జరగదు. ఆ బాధ్యతంతా కాలేజీలో కాస్త పని చేసే ఒక్క లెక్చరర్ నెత్తిన పడుతుంది. అతను గెస్ట్ లెక్చరరైతే వచ్చే ఏడాది ఉంటాడో లేదో కూడా తెలియదు.

ఎన్‌ఎస్‌ఎస్‌ను తేలిగ్గా తీసేయకండి. 1969లో మొదలైనప్పటి నుంచి ఒక పద్ధతి ప్రకారం నడుస్తోంది. వాలంటీరు రెండేళ్లలో 240 గంటలు పని చేయాలి, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఉంటుంది. క్లాసులో పేరు పిలిస్తే తల వంచుకునే బైపీసీ అమ్మాయి, శిబిరంలో మూడో రోజుకల్లా డ్వాక్రా సంఘం ఆడవాళ్ల మధ్య కూర్చుని మరుగుదొడ్ల సర్వే ఫారాలు తనే నింపింది. రేపు ఇంటర్వ్యూలో నిలబెట్టేది ఆ ధైర్యమే. కెరీర్ అంటే నోటిఫికేషన్లు మాత్రమేనా?

సివిక్స్ లెక్చరర్, నల్గొండ జిల్లా:
కాదు సార్, ఆ ధైర్యం కావాలి. ఎన్‌సీసీ కూడా కావాలి, ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో దానికి 1 శాతం కోటా ఉంది. కానీ ధైర్యం ఉన్న పిల్లకు కూడా గడువు తెలియాలి కదా. ఎన్‌ఎస్‌ఎస్ ఆ పని చేయదు, చేయమని మనం అడగకూడదు కూడా.

ఫ్లెక్సీ గురించి మీరన్నది నూటికి నూరుపాళ్లూ ఒప్పుకుంటాను. అందుకే మా క్లబ్‌లో ప్రారంభోత్సవం లేదు, సర్టిఫికెట్ లేదు. గ్రూపుకొకరు చొప్పున పిల్లలే నడుపుతారు, నేను వెనక ఉంటాను. చేసే పని కూడా చిన్నదే. ఆఫీసు రూం పక్క గోడకు నెలలవారీ చార్టు. సీఏ కోర్సుకు తొలి మెట్టయిన ఫౌండేషన్ మే పరీక్ష రాయాలంటే జనవరి 1లోపు రిజిస్టర్ చేసుకోవాలి కాబట్టి, అది నవంబరు గడిలోకి ఎక్కాలి. సెంట్రల్ యూనివర్సిటీల్లో డిగ్రీకి 2022 నుంచి సీయూఈటీ అనే ప్రవేశపరీక్ష ఉంది, అదీ చార్టులో ఉంటుంది. శనివారం గంటలో ఆ నెల గడువులు చదివి, ఫారం ఎలా నింపాలో చూపిస్తారు. కుల, ఆదాయ సర్టిఫికెట్లు ముందే తీసుకోమని గుర్తు చేస్తారు. చివరి రోజున మీసేవ చుట్టూ తిరిగి పిల్లలు పడే టెన్షన్ నేను ఏటా చూస్తున్నాను.

మేడమ్, మీ అబ్బాయిని అడగడానికి, చెప్పడానికి ఇంట్లో మీరున్నారు. మా దగ్గర చాలామంది వాళ్లింట్లో ఇంటర్ గడప తొక్కిన మొదటి పిల్లలు. నాన్న ట్రాక్టర్ మీద, అమ్మ కూలికి. వాళ్లు ఎవర్ని అడగాలి? కాలేజీయే చెప్పాలి.

ఒక అమ్మ, గుంటూరు:
ఆ పిల్లల గురించి మీరన్నది కాదనలేను సార్. ఆ చార్టు నాకూ పంపండి, దసరా సెలవులకు వచ్చినప్పుడు మావాడికి చూపిస్తాను. తప్పనిసరి అంటే మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. మా కాలేజీలాంటి చోట తప్పనిసరి చేస్తే దానికీ ఒక టెస్టు, ఒక ఫీజు పెడతారు.

సివిక్స్ లెక్చరర్, నల్గొండ జిల్లా:
ఫీజు పెడితే నేనే అడ్డం నిలబడతాను మేడమ్. కానీ ఇష్టమైతేనే రండి అంటే, ఆ గంటలో ఇంటికెళ్లే బస్సెక్కేది సరిగ్గా ఈ సమాచారం అవసరమైన పిల్లలే. అందుకే టైంటేబుల్‌లో పెట్టాలంటున్నాను. బైపీసీ గడిలో ప్రస్తుతం నీట్, ఈఏపీసెట్ ద్వారా అగ్రికల్చర్, ఫార్మసీ రాశాం. పారామెడికల్, హోటల్ మేనేజ్‌మెంట్ అడ్మిషన్ల పని చూసినవాళ్లు ఇక్కడ ఉంటే, ఏ నెలలో ఏం చేయాలో కింద రాయండి. సోమవారం చార్టు మీదికి ఎక్కించాలి.