అప్‌డేట్: రంగు వేయని మస్టాంగ్‌ని తుప్పు నుంచి కాపాడింది ఏమిటి?

నేను అడిగిన ప్రశ్న ఇదీ: 1944 నుంచి అమెరికా పీ-51 మస్టాంగ్ యుద్ధవిమానాలు పైన రంగు లేకుండానే వచ్చాయి కదా, మరి తుప్పు సంగతేంటి? జవాబులిచ్చిన అందరికీ థాంక్స్. తేలింది ఇది.

కాపాడింది ఆల్‌క్లాడ్ రేకు. మధ్యలో రాగి కలిసిన గట్టి అల్యూమినియం మిశ్రమం, రెండు వైపులా స్వచ్ఛమైన అల్యూమినియం పొర. ఒక్కో పొర మొత్తం మందంలో సుమారు 5 శాతం. గీత పడినా ముందు ఈ పొరే తుప్పుకు బలై లోపలి లోహాన్ని నిలబెడుతుంది. ఇబ్బందల్లా కోసిన అంచులు, రివెట్ (రేకుల్ని కలిపి బిగించే మేకు) రంధ్రాల దగ్గరే. అక్కడ మధ్య లోహం బయటపడి ఉంటుంది. తేమ చేరితే తెల్లటి పొడి కనిపిస్తుంది, ముదిరితే అంచు పొరలు పొరలుగా ఉబ్బుతుంది. అందుకే రేకులు కలిసేచోట జింక్ క్రోమేట్ ప్రైమర్ (తుప్పును ఆపే అడుగు పూత) పూస్తారు. ఉక్కు బోల్టునైతే ప్రైమర్ తడిగా ఉండగానే బిగించాలి.

రెక్కలు మాత్రం రంగు లేనివి కావు! గాలి నునుపుగా జారాలని అతుకుల్లో, రివెట్ల మీద పుట్టీ నింపి, రుద్ది, వెండి రంగు కొట్టారు. ఫొటోల్లో అచ్చం లోహంలాగే ఉంటుంది.

అద్దంలా పాలిష్ పట్టేవాళ్లు జాగ్రత్త: 1 మి.మీ. రేకు మీద ఆ స్వచ్ఛమైన అల్యూమినియం పొర ఒక్కో వైపు 0.05 మి.మీ. మాత్రమే. పాత ప్రైమర్‌ను పొడిగా అస్సలు రుద్దకండి, క్రోమేట్ దుమ్ముతో క్యాన్సర్ రావచ్చు.