‘కోచింగ్ స్టాఫ్’ను తెలుగులో ఏమందాం?

ప్రశ్న:

పెద్దలకు నమస్కారం. విదేశీ ఫుట్‌బాల్ క్లబ్బుల గురించి తెలుగులో వ్యాసాలు రాస్తుంటాను. 2024 వేసవిలో ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ క్లబ్బులో యూర్గెన్ క్లోప్ స్థానంలోకి ఆర్నె స్లాట్ వచ్చిన సంగతి రాస్తూ ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను: ‘కొత్త శిక్షకుడు తన శిక్షక సిబ్బందితో వచ్చాడు.’ ఏడో తరగతి చదివే మా తమ్ముడు అది చూసి, ‘వీళ్లు ఎవరిని శిక్షిస్తారక్కా?’ అన్నాడు. వాడు నిజంగానే తెలియక అడిగాడు. మీరైతే ఏమని రాస్తారు?

జవాబు:

అమ్మా, మీ తమ్ముడి సందేహంలో తప్పేమీ లేదు. సంస్కృతంలో ‘శిక్ష’ అంటే విద్య నేర్వడం. వేదాంగాల్లో మొదట చెప్పే ‘శిక్ష’ ఉచ్చారణ శాస్త్రం. తెలుగులో మాత్రం ఆ మాట దండనకే స్థిరపడింది: జైలు శిక్ష, ఉరిశిక్ష, శిక్షాస్మృతి. ‘శిక్షణ’ తప్పించుకుని నేర్పడం వైపు నిలబడిందనుకుంటాం కానీ, ‘దుష్టశిక్షణ, శిష్టరక్షణ’ అన్నప్పుడు అదీ దండనే. పక్కన ఉన్న మాటను బట్టి అర్థం మారే పదమిది. ‘శిక్షణ శిబిరం’లో తేటగా ఉంటుంది, ‘శిక్షకుడు’ అని ఒంటరిగా నిలబెడితే తడబడుతుంది.

‘కోచ్’ కథ నాకు చాలా ఇష్టం. హంగరీలో కోచ్ అనే ఊళ్లో తయారైన గుర్రపు బండికి ఆ ఊరి పేరే వచ్చింది. ఆ మాట యూరప్ భాషలన్నీ తిరిగి ఇంగ్లీషులోకి చేరింది. 19వ శతాబ్దంలో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు తమను పరీక్షల్లో గట్టెక్కించే ప్రైవేటు మాస్టారును ‘కోచ్’ అన్నారు. ఆటల్లోకి వచ్చింది ఆ తర్వాతే. మన రైలు కోచ్, ఫుట్‌బాల్ కోచ్ ఒకే తల్లి పిల్లలన్నమాట. తెలుగులో బస్సులా ఇదీ కలిసిపోయింది. ‘కోచ్‌గా’, ‘కోచ్‌కు’ అని విభక్తులు చేర్చుకున్న మాటను వెళ్లగొట్టనక్కరలేదు.

అసలు చిక్కు ‘మేనేజర్’తో. క్లోప్ 2015 నుంచి లివర్‌పూల్ మేనేజర్. స్లాట్‌ను తీసుకున్నప్పుడు క్లబ్బు ఆ హోదా మార్చి ‘హెడ్ కోచ్’ అంది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో మేనేజర్ అంటే ఆట నేర్పడంతో పాటు ఏ ఆటగాడిని కొనాలి, ఎవరిని వదులుకోవాలి అన్నదాంట్లోనూ గట్టి మాట చెల్లేవాడు. హెడ్ కోచ్ పని ప్రధానంగా మైదానానిది. కొనుగోళ్ల బాధ్యత అప్పుడు స్పోర్టింగ్ డైరెక్టర్ రిచర్డ్ హ్యూజ్ చేతికి వెళ్లింది. తెలుగు పాఠకుడికి మేనేజర్ అంటే బ్యాంకులో సంతకం పెట్టే ఆయన. క్రికెట్ తెలిసినవారికైతే జట్టు వెంట వెళ్లి ప్రయాణాలు, బసలు చూసుకునే అధికారి. అందుకే క్లోప్ గురించి రాసేటప్పుడు ఒక్క వాక్యం ఖర్చుపెట్టి ఆ హోదా ఏమిటో చెప్పండి. రెండిటికీ ‘ప్రధాన శిక్షకుడు’ అని రాస్తే వార్తలో ఉన్న అసలు మార్పే ఎగిరిపోతుంది.

ఇక ‘సిబ్బంది’. పూర్వం శిస్తు వసూలుకూ కాపలాకూ పెట్టుకున్న బంట్లను సిబ్బంది అనేవారు. ఇప్పటికీ అందులో ఉద్యోగుల హాజరుపట్టీ కనిపిస్తుంది. సిబ్బంది సంస్థకు చెందినవారు, అధికారి మారినా వారు ఉంటారు. ఫుట్‌బాల్‌లో తరచూ దీనికి భిన్నంగా జరుగుతుంది. క్లోప్‌తో పాటు ఆయన సహాయకులు పెప్ లిండర్స్, పీటర్ క్రావిట్జ్ కూడా వెళ్లిపోయారు. స్లాట్ వెంట నెదర్లాండ్స్‌లోని అతని పాత క్లబ్బు ఫెయెనూర్ద్ నుంచి సిప్కె హుల్‌షాఫ్, రూబెన్ పీటర్స్ వచ్చారు. జాన్ హైటింగా బయటినుంచి వచ్చి చేరాడు. ఒక మనిషిని నమ్ముకుని కదిలే ఇటువంటివారికి మనకు ‘పరివారం’ అనే చక్కని మాట ఉంది. వ్యాసంలో ఒకచోట ‘పరివారంతో సహా వచ్చాడు’ అనండి, దృశ్యం కళ్లకు కడుతుంది. మిగతా చోట్ల ‘శిక్షణ బృందం’ చాలు.

మరో సభ్యుడు:

మాస్టారూ, సంగీత శిక్షకుడు, యోగా శిక్షకుడు అని వింటూనే ఉన్నాం. ఫుట్‌బాల్‌కు వచ్చేసరికే అభ్యంతరమా?

జవాబు:

మంచి ప్రశ్న బాబూ. అక్కడ ముందున్న మాట కాపాడుతోంది. ‘ఫుట్‌బాల్ శిక్షకుడు’ అన్నా నాకు అభ్యంతరం లేదు. కానీ గోల్‌కీపర్లకు ఒకరు, శరీర దారుఢ్యానికి ఒకరు, కార్నర్లకూ ఫ్రీకిక్‌లకూ ఇంకొకరు ఉన్న బృందంలో అందరినీ శిక్షకులనేస్తే ఎవరి పని ఏదో తెలియదు. ‘గోల్‌కీపర్ల కోచ్ ఫాబియన్ ఒట్టె’ అనండి, సరిపోతుంది.

ఇంకొక్క సంగతి. మన హైదరాబాద్‌లో సయ్యద్ అబ్దుల్ రహీం అనే ఫుట్‌బాల్ కోచ్ ఉండేవారు. వృత్తి ఉపాధ్యాయుడిది. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. భారత జట్టు 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది ఆయన చేతిమీదుగానే. ఆయనను అందరూ ‘రహీం సాబ్’ అనేవారు. బడిలో పాఠం చెప్పిన మనిషికి దక్కే పిలుపది.

ప్రశ్న అడిగినవారు:

కృతజ్ఞతలు మాస్టారూ. వాక్యం ఇలా మార్చాను: ‘క్లోప్‌లా మేనేజర్‌గా కాక హెడ్ కోచ్‌గా వచ్చిన స్లాట్, ఫెయెనూర్ద్‌లో తనతో పనిచేసిన ఇద్దరిని వెంటబెట్టుకుని శిక్షణ బృందాన్ని కొత్తగా కూర్చుకున్నాడు.’ తమ్ముడికి చదివి వినిపించాను. ఈసారి వాడు అడిగింది ఫెయెనూర్ద్ ఎక్కడుందని.