మే నెల సెలవుల్లో పిల్లలను బయటికి తీసుకువెళ్ళాలా, కార్తీకం దాకా ఆగాలా?

దానవాయిపేట వాసి, రాజమహేంద్రవరం:

మా ఇంట్లో ఐదుగురం. నేను, నా భార్య, మా అమ్మ, పదకొండేళ్ళ అమ్మాయి, ఆరేళ్ళ అబ్బాయి. నేను దుకాణంలో గుమాస్తాగా పనిచేస్తున్నాను. నాకు సెలవు దొరికేది ఆదివారమే. పిల్లలకు ఏప్రిల్ నెలాఖరు నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులు కనుక, వెయ్యి రూపాయలు దాటకుండా ఒక్కసారైనా అందరం కలిసి ఆరుబయట గడపాలని నా కోరిక. పాపికొండల లాంచీ ప్రయాణం ఐదుగురికి లెక్క వేసుకుని మానుకున్నాను. మా అన్నయ్య మాత్రం, రోహిణీ కార్తెకు రోళ్ళు పగులుతాయంటారు, అలాంటి ఎండలో పిల్లలనూ అమ్మనూ తిప్పడం తప్పు, వనభోజనాలకు కార్తీకం ఉండనే ఉంది అంటున్నాడు. మీరేమంటారు?

విశ్రాంత ఉద్యోగి, అమలాపురం:

మీ అన్నగారి మాటే సరైనదని నా నమ్మకం. 2015 మే నెలలో మన రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా వడదెబ్బకు ప్రాణాలు పోగొట్టుకున్నారు, ఆ రోజులు నేను మరిచిపోలేదు. వాతావరణ శాఖ మైదాన ప్రాంతాల్లో 40 డిగ్రీలు దాటితేనే వడగాలులను లెక్కలోకి తీసుకుంటుంది గాని తీర ప్రాంతాలకు 37 డిగ్రీల నుంచే చూస్తుంది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట పడుతుందే తప్ప ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. కోనసీమలో కొబ్బరితోట నీడన కూర్చున్నా మేలో ఉక్క తప్పదు.

మరొక మాట. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు. లొల్ల లాకుల దగ్గర చెట్లు అప్పుడూ ఉంటాయి గాని, మనం చూడడానికి వెళ్ళే కాలువ నీళ్ళే ఉండవు. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద పులిహోర పెట్టుకుని కూర్చుంటే, పిల్లలు మధ్యాహ్నమంతా ఆడుకున్నా భయం లేదు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి తీసుకువెళ్ళినా పైసా ఖర్చు లేదు. మన పెద్దలు విహారాలన్నీ ఆ నెలల్లో పెట్టింది ఊరికే కాదు.

ఉపాధ్యాయిని, కాకినాడ:

విశ్రాంత ఉద్యోగి గారూ, తేమ గురించి మీరు చెప్పినది అక్షరాలా నిజం. అయినా మీ తీర్పుతో నేను ఏకీభవించలేను. కార్తీకంలో ఈ పిల్లలకు దొరికేది ఒకటో రెండో ఆదివారాలు, అందులోనూ వాయుగుండం పడితే అదీ లేదు. మా బడిలో చదివే పిల్లల్లో చాలామందివి రేకుల ఇళ్ళు. మే నెల మధ్యాహ్నం ఆ రేకుల కింద ఉండడం కంటే చెట్టు కింద ఉండడమే మేలు. ఇంట్లో ఉంటే క్షేమం అన్న మాట ఏ ఇంటికి వర్తిస్తుందో కూడా మనం ఆలోచించాలి కదా. నేను పట్టుబట్టేది నెల గురించి కాదు, వేళ గురించి.

సాయంకాలం చల్లబడ్డాక వెళ్ళవచ్చని చాలామంది అనుకుంటారు. పగలంతా ఎండకు కాగిన ఘాట్ల రాతిమెట్లు చీకటి పడిన తరువాత కూడా వేడిని కక్కుతూనే ఉంటాయి. తెల్లవారుజామున తేమ ఎక్కువే అయినా, రోజంతటిలో వేడి తక్కువగా ఉండేది అప్పుడే, ఆ రాయి చల్లారేదీ అప్పుడే. సముద్రపు గాలి తగిలే కాకినాడకు మాత్రం సాయంత్రం కొంత నయం. ఉప్పాడ రోడ్డు వెంట ఐదు దాటాక కూర్చోవచ్చు, కాని అక్కడ తీరం కోతకు గురవుతోంది కనుక పిల్లలను అలల్లోకి దించకూడదు. కోరింగ మడ అడవిలో కర్రల వంతెన మీద నడక నాకు ఎంతో ఇష్టం, అయినా మేలో వద్దంటాను. అక్కడ తెల్లవారుజామున తెరవరు, పొద్దెక్కాక మడచెట్ల మధ్య గాలి ఆడదు.

దానవాయిపేట వారికి నేను చెప్పేది ధవళేశ్వరం. మేలో ఐదున్నరకే పొద్దు పొడుస్తుంది కనుక మొదటి బస్సుకే బయలుదేరండి. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి కాటన్ కట్టించిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్న బ్యారేజీ ఒక్క గోడ కాదు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా లంకల మధ్య సాగుతుంది. ఆ దిగువనే గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలుతుంది. తాము తినే అన్నం ఈ గట్టు వల్ల పండుతోందని పదకొండేళ్ళ పిల్లకు అక్కడ నిలబెట్టి చెప్పండి, పాఠ్యపుస్తకంలో పది పుటలు చదివినా అంత బాగా తెలియదు. నీళ్ళు తగ్గి ఇసుక మేటలు తేలి ఉంటాయి గనుక పిల్లలు దిగుతామంటారు. దిగనివ్వకండి, ఆ ఇసుకలో లోతు గుంటలు ఉంటాయి.

ఖర్చు లెక్క కూడా చెబుతాను. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి టికెట్టు లేదు, గుర్తింపు కార్డు ఉంటే చాలు. అంటే మీ ఐదుగురిలో మీకు పూర్తి టికెట్టు, అబ్బాయికి అర టికెట్టు, అంతే. వేడి అన్నంలో పాలు పోసి ఒక్క చెంచా పెరుగు కలిపి డబ్బాలో పెట్టుకుంటే దారిలోనే తోడుకుంటుంది, పుల్లబడదు. ఆవకాయ బద్ద ఎలాగూ ఉంటుంది. ఉప్పు వేసిన మజ్జిగ రెండు సీసాలు పట్టుకువెళ్ళండి. తిరిగి వచ్చేటప్పుడు తాటిముంజలు కొన్నా మీ వెయ్యి రూపాయల్లో చాలా భాగం మిగులుతుంది. ఎనిమిదిన్నరకు ఇంట్లో ఉండాలి. ఈ ఒక్క నియమం సడలించకండి.

నరసాపురం నుంచి ఒకరు:

మా ఊరి వారికైతే సఖినేటిపల్లికి నది దాటించే పంటు ఉంది. తెల్లవారగానే వశిష్ఠ దాటి అంతర్వేది వెళ్ళి, నరసింహస్వామి దర్శనం చేసుకుని, పొద్దెక్కకుండా వెనక్కి రావచ్చు. రాజమహేంద్రవరం నుంచి మాత్రం వద్దు, వచ్చేసరికే ఎండ ముదురుతుంది. ఎవరి ఊరికి దగ్గరలో ఏముందో వారు అది చూసుకోవాలి.

విశ్రాంత ఉద్యోగి, అమలాపురం:

ఉపాధ్యాయిని గారూ, రేకుల ఇళ్ళ సంగతి నాకు తట్టలేదు, ఆ మాట ఒప్పుకుంటున్నాను. ఎనిమిదిన్నరకు ఇల్లు చేరే పద్ధతికీ నాకు అభ్యంతరం లేదు. కాని పెద్దావిడ విషయంలో నా మాట మారదు. రాత్రంతా ఉక్కకు నిద్రలేని మనిషిని నాలుగింటికి లేపి బస్సు ఎక్కించడం, వేళ ఎంత చల్లగా ఉన్నా, శ్రమే. రక్తపోటు మందులు వాడేవారైతే ముందుగా వైద్యుణ్ణి అడగాలి. ఇంటిల్లిపాదీ వెళ్ళాలన్న పట్టుదలతో ఆవిడ చేత ఊఁ అనిపించకండి. లీటరు నీటిలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలిపిన సీసా ఒకటి సంచిలో ఉంచుకోండి, చెంచాలు తలగొట్టి కొలవండి.

దానవాయిపేట వాసి, రాజమహేంద్రవరం:

అందరికీ నమస్కారాలు. అమ్మను అడిగాను. ధవళేశ్వరానికి తాను రానని, కార్తీకంలో లొల్ల లాకులకు తప్పక వస్తానని చెప్పింది. నా భార్య ఆవిడకు తోడుగా ఇంట్లో ఉంటానంటోంది గాని, అది నాకు నచ్చలేదు. ఏడాదికి ఒక్కసారి దొరికే ఉదయం ఆమె కూడా పిల్లలతో గడపాలి. అందుకని ఆ మూడు గంటలు మా వదినగారు అమ్మ దగ్గర ఉండేలా అన్నయ్యతో మాట్లాడాను, ఒప్పుకున్నాడు. విపత్తుల నిర్వహణ సంస్థ ఆ రోజుకు మా మండలానికి వడగాలుల హెచ్చరిక ఇస్తే మరో ఆదివారానికి మార్చుకుంటాం. మజ్జిగ సీసాలు రెండు సరిపోతాయా, మూడు పెట్టుకోవాలా, ఉపాధ్యాయిని గారు చెప్పాలి.

ఉపాధ్యాయిని, కాకినాడ:

మూడు పెట్టుకోండి. తిరుగు బస్సు ఆలస్యమైతే మూడోది అక్కరకొస్తుంది.